కారు ముందు భాగం ఎత్తు: సస్పెన్షన్ సామాన్లు మార్చితే ఏం మారుతుంది, ఎంత మారుతుంది

కోనసీమలోనైనా, భీమవరం వైపైనా కారున్న వాళ్ళని కదిపితే వినిపించే మాట ఒకటే: "కింద తగులుతోందండీ, ముందు కొంచెం లేపించాలి." కాలవ గట్ల మీద వేసిన రోడ్లు, ఊరికి నాలుగు చొప్పున కొలతా పాడూ లేకుండా పోసిన స్పీడు బ్రేకర్లు, తూముల దగ్గర అమాంతం పైకి లేచే కల్వర్టులు, ఎండకి నెర్రెలిచ్చి వానకి ఉబ్బే నల్లమట్టి మీద అలలు తిరిగిపోయిన తారు. మన దగ్గర ఇవన్నీ మామూలే కాబట్టి కోరికలో తప్పు లేదు. తప్పంతా దాన్ని తీర్చే పద్ధతిలో ఉంది. షెడ్డుకి వెళ్ళగానే షాకబ్జర్లు మార్చమనో, స్ప్రింగు మధ్యలో రబ్బరు బఫర్లు పెట్టమనో, పైన స్పేసర్ (ఎత్తు కోసం మధ్యలో పెట్టే దిమ్మ) వెయ్యమనో చెప్తారు. ఏది వేస్తే ఎన్ని మిల్లీమీటర్లు పెరుగుతుందో, దానికి బదులుగా ఏం పోతుందో మాత్రం ఎవరూ చెప్పరు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆరేడేళ్ళు తిరిగిన కారుకి లేపడం అవసరం లేదు, పోయిన ఎత్తు తిరిగి తెచ్చుకుంటే సరిపోతుంది. ఈ రెండూ వేర్వేరు పనులు, వేర్వేరు సామాన్లు. మీకు కావలసింది ఏదో తేలాలంటే ముందు టేపు పట్టుకోవాలి.

ముందు కొలత

చదునైన నేల దొరకడమే మొదటి చిక్కు. రైసు మిల్లు సిమెంటు కళ్ళం చూడ్డానికి చదునుగానే ఉంటుంది గానీ, వాన నీళ్ళు జారిపోవడానికి దానికీ వాలు పెడతారు. తాపీ మేస్త్రి దగ్గర ఉండే నీళ్ళ ట్యూబు తెచ్చుకోండి. నాలుగు చక్రాలు ఆనే చోట్ల నీటి మట్టం చూసుకుంటే నేల ఎక్కడ ఎంత తేడాగా ఉందో అరగంటలో తేలిపోతుంది. ఎడమకీ కుడికీ 5 మి.మీ. లోపు తేడా ఉంటే ఆ చోటు పనికొస్తుంది.

టైర్లలో గాలి డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీద ఉన్నంత పెట్టించండి. డిక్కీ ఖాళీ చెయ్యండి, స్టెప్నీ మాత్రం దాని చోట దాన్ని ఉంచండి. కొబ్బరికాయల బస్తాలు వెనక ఉంటే ముందు భాగం దానంతటదే లేచినట్టు కనిపిస్తుంది. ట్యాంకులో పెట్రోలు ఎంత ఉందో రాసుకోండి, రెండోసారి కొలిచేటప్పుడు అంతే ఉండాలి. స్టీరింగు తిన్నగా పెట్టి, కారుని చేత్తో నాలుగడుగులు వెనక్కీ ముందుకీ తొయ్యండి. జాకీ దించిన వెంటనే కొలిస్తే టైర్లు నేలని పట్టుకుని ఉండిపోయి కారు ఉన్నదానికంటే ఎత్తుగా కనిపిస్తుంది. బానెట్ మూడు నాలుగుసార్లు నొక్కి వదిలి, కదలిక ఆగాక కొలవండి.

కొలవాల్సింది చక్రం మధ్య బిందువు నుంచి నిట్టనిలువుగా మడ్‌గార్డు అంచు దాకా. నేల నుంచి కొలిస్తే టైరు అరుగుదల, గాలి కూడా లెక్కలోకి వచ్చి పడతాయి. హబ్ మధ్య నుంచి కొలిస్తే అచ్చంగా సస్పెన్షన్ సంగతే తెలుస్తుంది. నాలుగు మూలలూ కొలిచి ఫోన్లో రాసుకోండి. ఆ తర్వాత అదే మోడలు, అదే ఇంజను ఉన్న కొత్త కారు ఎవరిదైనా అడిగి అదే పద్ధతిలో కొలవండి. ఇంజను అదే అయి ఉండాలన్నది గట్టి షరతు, కారణం కాసేపట్లో వస్తుంది.

ఎడమకీ కుడికీ 10 మి.మీ. దాటి తేడా వస్తే ఏ సామానూ కొనకండి. ముందు ఆ తేడాకి కారణం వెతకాలి. తరచుగా దొరికేది స్ప్రింగు అడుగు చుట్టు విరిగి ఉండటం. విరిగిన ముక్క స్ప్రింగు కూర్చునే కప్పులోనే ఉండిపోతుంది కాబట్టి పైనుంచి చూస్తే కనపడదు, టార్చి వేసి చక్రం వెనక నుంచి చూడాలి. ఒక్కోసారి జబ్బు వెనక మూలలో ఉంటుంది: వెనక ఎడమ స్ప్రింగు కుంగితే ముందు కుడి మూల లేచినట్టు కనిపిస్తుంది.

ఎత్తు ఎక్కడ తయారవుతుంది

మన చిన్న కార్లన్నిటికీ దాదాపుగా ముందు వైపు ఉండేది మెక్‌ఫర్సన్ స్ట్రట్. షాకబ్జరే నిలువు స్తంభంగా ఉండి, దాని నడుముకి వెల్డు చేసిన కప్పులో స్ప్రింగు కూర్చుంటుంది. స్ప్రింగు పై కొన రబ్బరు మౌంటింగ్ కింద ఆనుతుంది, మౌంటింగ్ బాడీకి బిగిసి ఉంటుంది. బరువంతా మోసేది స్ప్రింగే. కాబట్టి ఎత్తుని నిర్ణయించేవి నాలుగే: స్ప్రింగు అసలు పొడవు, దాని గట్టితనం, కింది కప్పు ఏ ఎత్తులో ఉంది, పైన మౌంటింగ్ ఎంత మందం ఉంది.

ఒక లెక్క వేసి చూద్దాం. ముందు ఒక్కో మూల స్ప్రింగు మీద 280 కిలోలు పడుతున్నాయనుకోండి. మిల్లీమీటరు నొక్కడానికి 2 కిలోలు తీసుకునే స్ప్రింగు అయితే అది 140 మి.మీ. కుంగుతుంది. అదే పొడవున్న, బయటి కంపెనీ చేసిన స్ప్రింగు వేశారు, దాని గట్టితనం 2.4 కిలోలు. ఇప్పుడు కుంగేది 117 మి.మీ. ఏ స్పేసరూ లేకుండానే కారు 23 మి.మీ. లేచింది. ఆ బయటి స్ప్రింగే అసలుదానికంటే 30 మి.మీ. పొట్టిగా ఉంటే? 23 లేచి 30 దిగింది, అంటే 7 మి.మీ. తగ్గింది. "గట్టి స్ప్రింగు వేస్తే లేస్తుంది" అన్న మాట ఒక్కోసారి నిజం, ఒక్కోసారి అబద్ధం అయ్యేది ఇందుకే. పొడవూ గట్టితనమూ రెండూ తెలియకుండా స్ప్రింగు కొనడమంటే నంబరు చూడకుండా కళ్ళజోడు కొనుక్కోవడమే.

గట్టితనం పెట్టె మీద రాసి ఉండదు, కానీ తీగ మందం చెప్తుంది. స్ప్రింగు గట్టితనం తీగ వ్యాసానికి నాలుగో ఘాతంతో పెరుగుతుంది. చుట్ల సంఖ్యా, చుట్టు వెడల్పూ ఒకటే అయినప్పుడు 12 మి.మీ. తీగకీ 12.5 మి.మీ. తీగకీ తేడా సుమారు 18 శాతం. అర మిల్లీమీటరే. కంటికి ఆనదు, వెర్నియర్ కాలిపరుకి తెలుస్తుంది. పై లెక్కలో పెడితే అది 20 మి.మీ. పైచిలుకు ఎత్తు. పాత స్ప్రింగు విప్పాక రెండిటినీ పక్కపక్కన నిలబెట్టి పొడవు చూడండి, చుట్లు లెక్కపెట్టండి, తీగ మూడు చోట్ల కొలవండి. పెయింటు మందం కలవకుండా చూసుకోవాలి.

ఇంజను సంగతి ఇక్కడే వస్తుంది. ఒకే మోడలులో డీజిలుకీ పెట్రోలుకీ ముందు స్ప్రింగులు వేరు. డీజిలు ఇంజను బరువు, దానికి గట్టి స్ప్రింగు ఇస్తారు. గుర్తుకోసం చుట్ల మీద రంగు చుక్కలు వేస్తారు. విజయవాడ ఆటోనగర్ నుంచి పాత సామాను తెప్పించుకునేవాళ్ళు ఈ చుక్కలు చూసుకోవాలి. డీజిలుది తెచ్చి పెట్రోలు కారుకి వేస్తే ముక్కు లేస్తుంది, ప్రతి గుంటకీ ఎగిరిపడుతుంది. పెట్రోలుది డీజిలుకి వేస్తే మొదటి రోజు నుంచే కింద ఆనుతుంది.

ఒక్కో సామాను ఏం చేస్తుంది

షాకబ్జరు బరువు మొయ్యదు, కుదుపుని అణుస్తుంది. కాబట్టి షాకబ్జర్లు మార్చితే ఎత్తు మారకూడదు అని పుస్తకం చెప్తుంది. కానీ మార్చాక ఎత్తు మారిందని చెప్పేవాళ్ళ మాటా అబద్ధం కాదు. దానికి రెండు కారణాలు ఉంటాయి. ఒకటి గ్యాస్. రాడ్డు లోపలికి నొక్కి వదిలితే దానంతటదే పైకి వచ్చేది గ్యాస్ షాకబ్జరు, నొక్కిన చోటే ఉండిపోయేది ఉత్త ఆయిలుది. 22 మి.మీ. రాడ్డు మీద 5 బార్ పీడనం ఉంటే అది సుమారు 19 కిలోల తోపు. మన 2 కిలోల స్ప్రింగు లెక్కలో 9 మి.మీ. దాకా లేస్తుంది. ఆయిలు షాకబ్జర్ల కారుకి గ్యాస్‌వి వేసినప్పుడు ముందు కొద్దిగా లేచినట్టు అనిపించేది ఇందుకే.

రెండో కారణం ఎక్కువమంది పట్టించుకోనిది. స్ప్రింగు కూర్చునే కప్పు స్ట్రట్ ఒంటికే వెల్డు అయి ఉంది కదా. బయటి కంపెనీ ఆ కప్పుని 6 మి.మీ. కిందకి వెల్డు చేస్తే మీ కారు ఇంచుమించు 6 మి.మీ. దిగుతుంది, స్ప్రింగు మీ పాతదే అయినా సరే. కొనే ముందే పాత స్ట్రట్ పక్కన కొత్తది పెట్టి, కింది బోల్టు రంధ్రం మధ్య నుంచి కప్పు అంచు దాకా కొలవండి. ఎడమదీ కుడిదీ కూడా. దుకాణంలోనే కొలవండి, బిగించాక వెనక్కి తీసుకోరు. కప్పు లోపల స్ప్రింగు కొన ఆగడానికి ఉండే మెట్టు కూడా పాతదాని దిక్కుకే ఉందో లేదో చూడాలి.

స్ట్రట్ మౌంటింగ్ చవక సామాను, కానీ ఎత్తులో దాని వాటా తక్కువేం కాదు. రబ్బరు ఏళ్ళ తరబడి నొక్కుకుపోయి కూర్చుంటుంది. కారు బాగా కుంగిందనుకున్నప్పుడు అందులో కొంత ఈ రబ్బరుదే. కొత్త మౌంటింగుతో ఆ ఎత్తు తిరిగొస్తుంది. అయితే నాసిరకం మౌంటింగులో ఇనుప పళ్ళెం పలచన, రబ్బరు మెత్తన. కొన్న రోజు ఎత్తు బాగానే ఉంటుంది, రెండు వానాకాలాలకి మళ్ళీ కూర్చుంటుంది. బేరింగు లేకుండా మౌంటింగ్ ఒక్కటే మార్చకండి. పాత బేరింగు పట్టేస్తే స్టీరింగు తిప్పినప్పుడల్లా స్ప్రింగు మెలితిరిగి టక్కుమంటుంది.

లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి బాడీకి కలిపే చెయ్యి), దాని కొసన ఉండే బాల్ జాయింటు స్ట్రట్ కారులో ఎత్తుని నేరుగా మార్చవు. కానీ ఆర్మ్ కీలులో ఉండే రబ్బరు బుష్షు తప్పుగా బిగిస్తే మారుస్తుంది. దాని సంగతి బిగింపు దగ్గర చెప్తాను. కారు మలుపులో ఒరగకుండా ఆపే స్టెబిలైజర్ బారుని రెండు వైపులా కలిపే లింకులు సమానంగా ఉన్నంతకాలం ఎత్తుతో వాటికి పని లేదు. ఒకటి పొడవు, ఒకటి పొట్టి పడితే మాత్రం బారు మెలిపడి కారు ఒక పక్కకి వాలుతుంది.

పాత ఇన్నోవా, ఇన్నోవా క్రిస్టా, స్కార్పియో లాంటి బళ్ళ లెక్క వేరు. వాటికి ముందు డబుల్ విష్‌బోన్, అంటే ఒకదాని పైన ఒకటి రెండు ఆర్ములు. స్ప్రింగు చక్రం దగ్గర కాకుండా కింది ఆర్మ్ మధ్యలో ఎక్కడో ఆనుతుంది. అక్కడ 10 మి.మీ. స్పేసర్ వేస్తే చక్రం దగ్గర 17 నుంచి 20 మి.మీ. దాకా లేవచ్చు. స్విఫ్టుకి వేసిన కొలత ఇన్నోవాకి వేస్తే అంచనా రెట్టింపు తప్పుతుంది.

స్పేసర్లూ బఫర్లూ

స్ట్రట్ పైన, మౌంటింగుకీ బాడీకీ మధ్య వేసే స్పేసర్ నిజాయితీ గల సామాను. 20 మి.మీ. స్పేసర్ ఇంచుమించు 20 మి.మీ. లేపుతుంది, స్ప్రింగు గట్టితనం మారదు. చిక్కు వచ్చేది జాయింట్ల కోణం దగ్గర. స్ట్రట్ మొత్తంగా కిందకి జరుగుతుంది కాబట్టి గుంటలో చక్రం వేలాడినప్పుడు డ్రైవ్ షాఫ్టు (చక్రాన్ని తిప్పే కడ్డీ) జాయింట్లు, బాల్ జాయింట్లు మామూలుకంటే ఎక్కువ కోణానికి వెళ్తాయి. ముందు చక్రాలతో నడిచే చిన్న కారుకి 20 మి.మీ. దాటొద్దనే నేను చెప్తాను. 40, 50 మి.మీ. కిట్లు అమ్ముతున్నారు. వాటితో షాఫ్టు జాయింటు మీది రబ్బరు తొడుగు చిరుగుతుంది, గ్రీజు పోతుంది, మలుపులో టకటకమని మొదలవుతుంది.

స్ప్రింగు చుట్ల మధ్య దూర్చే బఫర్ల మీద నాకు సదభిప్రాయం లేదు. అవి కారుని లేపేది ఒకటి రెండు చుట్లని పని చెయ్యకుండా కట్టేసి. పని చేసే చుట్లు తగ్గాయి కాబట్టి స్ప్రింగు గట్టిపడుతుంది, షాకబ్జరు మాత్రం పాత స్ప్రింగుకి లెక్కవేసినది. ఇక మన దగ్గర వాటికి ఇంకో చెడ్డ గుణం ఉంది. రొయ్యల, చేపల బళ్ళు దారి పొడుగునా కార్చుకుంటూ పోయే నీళ్ళు బఫరుకీ చుట్టుకీ మధ్య చేరి అక్కడే ఉండిపోతాయి. రాపిడికి పెయింటు లేస్తుంది, తుప్పు పడుతుంది. స్ప్రింగు విరిగితే అక్కడే విరుగుతుంది. పాత టైరు ముక్కలు కోసి దూర్చడం దీనికంటే అధ్వాన్నం, వేగంలో ఉండగా అవి ఊడి చక్రంలో పడొచ్చు. స్ప్రింగుని కొయ్యడం, గ్యాసు మంటతో కాల్చి సాగదియ్యడం రెండూ నేరం లాంటివే. కాల్చిన చోట ఉక్కు పదును పోతుంది.

ఎత్తు మాత్రమే కావాలనుకునేవాళ్ళు ఒకసారి టైరు వైపు చూడండి. 185/65 ఆర్15 టైరుకి బదులు 185/70 ఆర్15 వేస్తే వ్యాసం సుమారు 18 మి.మీ. పెరిగి కారు 9 మి.మీ. లేస్తుంది, సస్పెన్షన్ కోణాలు ఏవీ చెడవు. స్పీడోమీటరు 3 శాతం తక్కువ చూపిస్తుంది. పూర్తిగా స్టీరింగు తిప్పినప్పుడు టైరు లోపల రాసుకోకూడదు, అది చూసుకుంటే చాలు.

వరద సంగతి కూడా చెప్పాలి. జూలై, ఆగస్టుల్లో గోదావరి పెరిగి లంకల కాజ్‌వేలు మునిగినప్పుడు 20 మి.మీ. ఎత్తు ఎవర్నీ దాటించదు. ఆ ధీమాతో నీళ్ళలోకి దిగకండి.

బిగింపు దగ్గర నిలబడి చూడాల్సినవి

స్ట్రట్ పై నట్టుని స్ప్రింగు కంప్రెసరు లేకుండా ఎవరు విప్పబోయినా ఆపండి. నొక్కి ఉన్న స్ప్రింగు ఒక్కసారిగా విడుదలైతే ఎముకలు విరుగుతాయి, ప్రాణాలూ పోతాయి. బెంచికి బిగించిన కంప్రెసరు ఉన్న షెడ్డు వెతుక్కుని వెళ్ళడం మేలు. రెండు కొక్కేల రకమైతే అవి ఎదురెదురుగా ఉండాలి, రెండూ సమానంగా బిగించాలి, న్యూమాటిక్ గన్నుతో కాకుండా చేత్తో తిప్పాలి.

స్ప్రింగు దింపేటప్పుడు కింది కొన కప్పులోని మెట్టుకి వచ్చి ఆనాలి. వేలు పెట్టి తడిమి చూడండి, మధ్యలో సందు ఉండకూడదు. ఆ కొన మెట్టు ఎక్కి కూర్చుంటే ఆ మూల పెరుగుతుంది, నాలుగు రోజుల్లో ఏదో స్పీడు బ్రేకరు దగ్గర టక్కుమని దిగుతుంది. బంప్ రబ్బరు, దుమ్ము తొడుగు కొత్తవి వెయ్యండి. వాటిని పారేసి బిగించేవాళ్ళు ఉన్నారు.

ఇక ఆర్మ్ బుష్షు. మామూలు బుష్షులో రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతుక్కుని ఉంటుంది, ఆర్మ్ కదిలినప్పుడు రబ్బరే మెలితిరుగుతుంది. కారు జాకీ మీద ఉండగా చక్రాలు వేలాడుతుంటాయి. ఆ స్థితిలో బోల్టు పూర్తిగా బిగిస్తే, కారు నేల మీదకి రాగానే రబ్బరు మెలితిరిగి ఆర్మ్‌ని కిందకి తోస్తూ ఉంటుంది. కారు కొన్ని మిల్లీమీటర్లు ఎత్తుగా నిలబడుతుంది. "భలే లేచిందే" అని సంతోషించేలోగా ఆ రబ్బరు చిరుగుతుంది, ఎత్తూ పోతుంది, కింద నుంచి దడదడా మొదలవుతుంది. కాబట్టి జాకీ మీద బోల్టుని వదులుగానే ఉంచి, చక్రాలు నేల మీద ఆని బరువు పడ్డాకే బిగించాలి. కింద దూరే చోటు లేకపోతే ఆర్మ్ కొస కింద జాకీ పెట్టి, హబ్ నుంచి మడ్‌గార్డు దాకా మీరు రాసుకున్న కొలత వచ్చేవరకు లేపి, అప్పుడు బిగించవచ్చు. కారు స్టాండ్ల మీద నిలకడగా ఉందని చూసుకున్నాకే ఇది. పని చేసే కుర్రాడికి ఈ ఒక్క మాట మర్యాదగా ముందే చెప్పండి.

పని అయ్యాక

అదే నేల మీద, అదే పద్ధతిలో మళ్ళీ కొలవండి. కొత్త స్ప్రింగులూ మౌంటింగులూ మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో కాస్త కూర్చుంటాయి, కాబట్టి వెంటనే ఒకసారి, తర్వాత ఒకసారి. వీల్ అలైన్‌మెంటు తప్పనిసరి. ఎత్తు మారితే టై రాడ్డు (స్టీరింగుని చక్రానికి కలిపే కడ్డీ) కోణం మారి టో, అంటే చక్రాలు తిన్నగా ముందుకి చూసే తీరు, చెడుతుంది, నెలల్లోనే టైరు ఒక అంచు తినేస్తుంది. స్ట్రట్ విప్పినందుకే అలైన్‌మెంటు కావాలి, ఎత్తు మారకపోయినా సరే.

హెడ్‌లైట్లు ఎవరూ పట్టించుకోరు, నాకు అన్నిటికంటే బెంగ వీటి గురించే. డిప్ లైటు సాధారణంగా నూటికి ఒకటి చొప్పున కిందికి వాలి ఉంటుంది, అంటే 25 మీటర్ల దూరంలో 25 సెం.మీ. దిగుతుంది. చక్రాల మధ్య 2,430 మి.మీ. ఉన్న కారు ముందు మాత్రమే 20 మి.మీ. లేపితే అదే 25 మీటర్ల దగ్గర వెలుగు 20 సెం.మీ. పైకి పోతుంది. డిప్ దాదాపు లేనట్టే. ఒక పక్క కాలవ, ఒక పక్క చెరువు, మధ్యలో రెండు బళ్ళు తప్పుకోవడానికే ఇరుకైన గట్టు రోడ్డు మీద ఎదుటివాడి కళ్ళలో ఆ వెలుగు పడితే అతను పోయేది నీళ్ళలోకే. పని మొదలుపెట్టే ముందు సాయంత్రం చీకటి పడ్డాక గోడకి ఎదురుగా 5 మీటర్ల దూరంలో కారు పెట్టి, డిప్ వెలుగు పై అంచు దగ్గర సుద్దతో గీత గీయండి. పని అయ్యాక అదే చోట నిలిపి, వెలుగుని హెడ్‌లైటు వెనక స్క్రూతో ఆ గీతకి దించండి. లోపల ఉండే లెవెలర్ చక్రంతో దించితే వెనక బరువు వేసిన రోజుకి అది మిగలదు.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషనులో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చినదానికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. అరిగిన సామాను స్థానంలో అదే కొలతది వెయ్యడం మామూలు మరమ్మతు. పెద్ద లిఫ్ట్ కిట్లు వేస్తే వారంటీ దగ్గరా, ప్రమాదం జరిగితే బీమా దగ్గరా ప్రశ్నలు వస్తాయి. బిల్లులు దాచుకోండి.

అంతర్వేది, ఓడలరేవు లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలోనూ, రొయ్యల చెరువుల మధ్య తిరిగే కార్లకీ పదిహేను రోజులకోసారి చక్రాల వెనక మంచినీళ్ళు కొట్టించండి. స్ప్రింగు అడుగు కప్పులో నీళ్ళు బయటికి పోయే చిన్న రంధ్రం ఉంటుంది. అందులో మట్టి పేరుకుంటే ఉప్పు నీరు నిలిచి కప్పునే తినేస్తుంది. సన్నటి తీగతో పొడిచి అది తెరిచి ఉంచాలి. ప్రతి వానాకాలం ముందూ, సంక్రాంతి వెళ్ళాకా ఒకసారి నాలుగు మూలలూ కొలిచి పాత అంకెల కింద రాయండి. ఒకే మూల 5 మి.మీ. తగ్గిందంటే ఆ వారంలోనే చక్రం విప్పించి, కప్పూ అడుగు చుట్టూ చూపించుకోండి.